హార్డ్ టైమ్సా, మేరీ బార్టనా, నార్త్ అండ్ సౌతా? మిల్లుల కాలం నవల ఒక్కటి చదవాలంటే ఏది?

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు, నూలు మిల్లులు, పొగ, సమ్మెలు, వీటి మీద వచ్చిన నవల ఒక్కటి చదవాలి, ఏది మంచిది అని ఈమధ్య నన్ను ముగ్గురు అడిగారు. ఒకరు ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్న అమ్మాయి. ఒకరు ఇంటర్ చదివే కొడుకున్న తండ్రి. మూడో ఆయన ముప్పై ఏళ్ళు యూనియన్లో తిరిగి రిటైరైన మనిషి. ముగ్గురికీ ఒకే పేరు చెబుదామనుకున్నాను గానీ చెప్పలేకపోయాను, ఎందుకంటే వాళ్ళు అడిగిన మాట ఒకటే అయినా వాళ్ళకు కావలసింది ఒకటి కాదు.

మామూలుగా ఎవరిని అడిగినా వచ్చే జవాబు చార్లెస్ డికెన్స్ రాసిన హార్డ్ టైమ్స్. డికెన్స్ పేరు అందరికీ తెలుసు, ఆయన లావుపాటి నవలల పక్కన పెడితే ఇది చిన్నది, సిలబస్సుల్లోనూ తరచుగా ఉంటుంది. అది తప్పక చదవాల్సిన పుస్తకమే, అందులో అనుమానం లేదు. కానీ నా ఉద్దేశంలో అది మిల్లు గురించి కన్నా బడి గురించి గొప్పగా చెప్పిన పుస్తకం. మిల్లులో పనిచేసే మనిషి ఏం తిన్నాడు, ఎలాంటి ఇంట్లో ఉన్నాడు, ఎందుకు సమ్మెకు దిగాడు అన్నది తెలియాలంటే ఎలిజబెత్ గాస్కెల్ దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ రాసినవి రెండు ఉన్నాయి, మేరీ బార్టన్ (1848), నార్త్ అండ్ సౌత్ (1854–55). హార్డ్ టైమ్స్ ఒక్కటే చదివి ఈ విషయం అయిపోయిందనుకుంటే సగం కథే విన్నట్టు.

పోలిక మొదలుపెట్టే ముందు ఒక సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. హార్డ్ టైమ్స్, నార్త్ అండ్ సౌత్ రెండూ ఒకే వారపత్రికలో, ఒకే ఏడాది మొదలై, ఒకదాని వెనక ఒకటి సీరియల్‌గా వచ్చాయి. పత్రిక పేరు హౌస్‌హోల్డ్ వర్డ్స్, దాని సంపాదకుడు డికెన్సే. ఆయన నవల 1854 ఏప్రిల్ 1న మొదలై ఆగస్టు 12న ముగిసింది, మూడు వారాలకల్లా, సెప్టెంబర్ 2న, గాస్కెల్ నవల మొదలైంది. ఇద్దరూ మిల్లు ఊరి గురించే రాస్తున్నారు కదా, తన కథలో ఉన్న సమ్మెను ఈయన ముందే రాసేస్తాడేమోనని ఆవిడకు టెన్షన్. అప్పుడు డికెన్స్ ఆవిడకు ఉత్తరం రాశాడు, నేను సమ్మె పెట్టడం లేదు, భయపడకండి అని. మాట నిలబెట్టుకున్నాడు కూడా. హార్డ్ టైమ్స్‌లో యూనియన్ మీటింగ్ ఉంది గానీ సమ్మె లేదు. ఆ సంవత్సరం చందాదారులు ఈ రెండు నవలలనూ వారం వారం చదివారు, ఒకటి అయ్యాక ఇంకొకటి. ఎం.ఏ. అమ్మాయికి నేను చెప్పిన సలహా కూడా అదే, ఆ వరసలోనే రెండూ చదువు, పరీక్షకూ పనికొస్తుంది, దానికి మించి కూడా పనికొస్తుంది.

ఇక హార్డ్ టైమ్స్. కోక్‌టౌన్ అనే ఊరు, అందులో గ్రాడ్‌గ్రైండ్ అనే పెద్దమనిషి నడిపే బడి. ఆయనకు కావలసింది నిజాలు, లెక్కలు, అంతే. ఊహ, కథ, ఆట, పూల బొమ్మల తివాచీ, ఏదీ పనికిరాదు. తన చిన్న కొడుకుల్లో ఒకడికి ఆడమ్ స్మిత్ అని, ఒకడికి మాల్థస్ అని పేర్లు పెట్టుకున్నాడు. క్లాసులో సిస్సీ జూప్ అనే పిల్లను పేరుతో పిలవడు, ఇరవయ్యో నంబరు అమ్మాయీ అంటాడు. వాళ్ళ నాన్న సర్కస్‌లో గుర్రాల మధ్య బతికే మనిషి, ఆ పిల్ల గుర్రాలతోనే పెరిగింది, అయినా గుర్రం అంటే ఏమిటో నిర్వచనం చెప్పలేకపోతుంది. బిట్జర్ అనే కుర్రాడు లేచి గడగడా అప్పజెప్పేస్తాడు, నాలుగు కాళ్ళ జంతువు, గడ్డి తింటుంది, నలభై పళ్ళు, అందులో దవడ పళ్ళు ఇరవైనాలుగు, అలా. ఇది రెండో అధ్యాయం. రోల్ నంబరుతో పిలిపించుకుని, వీక్లీ టెస్టు మార్కుల బోర్డు కింద కూర్చుని చదువుకున్నవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పే పని లేదు.

ఈ పుస్తకంలో నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళే చోటు ఇంకొకటి ఉంది, సిస్సీ తనకు చదువు ఎందుకు రావడం లేదో గ్రాడ్‌గ్రైండ్ కూతురు లూయిజాకు చెప్పుకునే అధ్యాయం. టీచరు అడిగాడట, ఈ దేశంలో ఐదు కోట్ల సొమ్ము ఉంది, అయితే ఇది సంపన్న దేశమే కదా అని. ఆ సొమ్ము ఎవరి దగ్గర ఉందో, అందులో నాకేమైనా వస్తుందో తెలిస్తే గానీ చెప్పలేను అనుకుందట ఈ పిల్ల. ఒక ఊళ్ళో పది లక్షల మంది ఉంటే ఏడాదిలో ఇరవై ఐదుగురే ఆకలితో వీధుల్లో చనిపోయారు, దీనికేమంటావు అంటే, మిగతావాళ్ళు ఎన్ని లక్షల మంది ఉన్నా చచ్చిపోయినవాళ్ళకు బాధ అంతే కదా అందట. ఈ జవాబులన్నీ తప్పు జవాబులని ఆ పిల్ల ఏడుస్తుంది. జీడీపీ లెక్కలు వినిపించినప్పుడల్లా నాకు ఈ పేజీ గుర్తొస్తుంది.

ఇంటర్ కొడుకున్న తండ్రికి నేను వెంటనే చెప్పింది ఇందుకే హార్డ్ టైమ్స్. కొడుక్కి ఇవ్వమని చెప్పలేదు, మీరే చదవండి అన్నాను. ముఖ్యంగా మొదటి భాగం చివర్లో తండ్రీ కూతుళ్ళ మాటలు. ఇరవై ఏళ్ళ లూయిజాకు యాభై ఏళ్ళ మిల్లు యజమాని బౌండర్బీ సంబంధం వస్తే, తండ్రి ఆమెతో వయసు తేడా ఉన్న పెళ్ళిళ్ళ గణాంకాలు మాట్లాడతాడు. ఆమె కిటికీలోంచి పొగగొట్టాలను చూస్తూ, అక్కడ పగలంతా మందకొడి పొగ తప్ప ఏమీ కనబడదు, రాత్రయితే మంట బయటికొస్తుంది నాన్నా అంటుంది. ఆయనకు అర్థం కాదు. నవల తర్వాత అంతా ఆ మంట గురించే.

మరి ఇంత మంచి పుస్తకంతో నా పేచీ ఏమిటి? పనివాళ్ళు. కోక్‌టౌన్‌లో మనం దగ్గరగా చూసే పనివాళ్ళు ఇద్దరే, మరమగ్గం మీద పనిచేసే స్టీఫెన్ బ్లాక్‌పూల్, అతను ప్రేమించిన రేచెల్. ఇద్దరూ ఎంత మంచివాళ్ళంటే మనుషుల్లా కన్నా పటంలోని పుణ్యాత్ముల్లా ఉంటారు. స్టీఫెన్ భార్య తాగుడికి బానిస. విడాకులు దొరుకుతాయా అని మిల్లు యజమాని బౌండర్బీని అడిగితే, వెయ్యి, వెయ్యిన్నర పౌండ్లు అవుతుంది, అంతకు రెట్టింపు కూడా కావచ్చు అంటాడు. ఇది కల్పన కాదు, అప్పటి చట్టం అలాగే ఉండేది, 1857 దాకా మారలేదు. ఈ ఘట్టం చాలా బలంగా ఉంటుంది. కానీ స్టీఫెన్ యూనియన్లో ఎందుకు చేరనంటాడో నవల సరిగ్గా చెప్పదు, రేచెల్‌కు ఇచ్చిన మాట అని తప్పించేస్తుంది. యూనియన్ నాయకుడు స్లాక్‌బ్రిడ్జ్ అయితే ఉత్త అరుపుల మనిషి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1853–54లో లాంకషైర్‌లోని ప్రెస్టన్ ఊళ్ళో నేతపనివాళ్ళు, పాత కోత తీసేసి పది శాతం కూలి తిరిగి ఇమ్మని అడిగితే యజమానులు మిల్లులకు తాళాలు వేశారు, నెలల తరబడి సాగింది. 1854 జనవరిలో డికెన్స్ స్వయంగా అక్కడికి వెళ్ళి చూసి, తన పత్రికలోనే వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో పనివాళ్ళ మీటింగు ఎంతో పద్ధతిగా, ఓపికగా జరిగిందని రాశాడు. కళ్ళతో చూసింది అది, నవలలో పెట్టింది స్లాక్‌బ్రిడ్జ్‌ని. యూనియన్ పెద్దాయనకు నేను హార్డ్ టైమ్స్ ముందుగా ఇవ్వకపోవడానికి ఇదే కారణం, ఆ మీటింగు అధ్యాయం దగ్గర ఆయన పుస్తకం మూసేసి మిగతా మంచి అంతా పోగొట్టుకుంటారని.

మేరీ బార్టన్‌కి వద్దాం. ఇది గాస్కెల్ మొదటి నవల, పేరు వేసుకోకుండా 1848లో అచ్చువేయించింది. ఆవిడ మాంచెస్టర్‌లో ఒక చర్చి పాస్టరు భార్య, పనివాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళివచ్చే మనిషి. 1845లో చంటి కొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో పోతే, ఆ దుఃఖంలోంచి బయటపడడానికి ఏదైనా రాయమని భర్త చెప్పాడు, అలా మొదలైంది. ముందుమాటలో ఆవిడ రాసుకుంది, నాకు అర్థశాస్త్రం గురించి ఏమీ తెలియదు, వ్యాపార సిద్ధాంతాలూ తెలియవు అని. తెలియకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆవిడ లెక్కలు చూడలేదు, ఇళ్ళు చూసింది.

ఆరో అధ్యాయం చదవండి, పుస్తకం కొనాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. డావెన్‌పోర్ట్ అనే పనివాడు మురుగు నీరు ఊరే నేలమాళిగలో జ్వరంతో పడి ఉంటాడు, పెళ్ళాం పిల్లలు ఆకలితో. అతన్ని చూడడానికి వచ్చిన జాన్ బార్టన్ దగ్గరా డబ్బు లేదు. ఇంటికెళ్ళి తన మంచి కోటు, పట్టు చేతిరుమాలు తాకట్టు పెట్టి ఐదు షిల్లింగులు తెస్తాడు. ఇంకో స్నేహితుడు విల్సన్ ఆస్పత్రి చీటీ కోసం మిల్లు యజమాని కార్సన్ ఇంటికి పోతాడు. వంటింట్లో మాంసం వేగే వాసన, కాఫీ వాసన, ఈయన కడుపు ఖాళీ. లోపల యజమాని, డావెన్‌పోర్టా, ఎవరతను, పేరు వినలేదే అంటాడు. మీ మిల్లులో మూడేళ్ళకు పైగా పనిచేశాడయ్యా అంటాడు విల్సన్. కన్నీళ్ళ కోసం తాపత్రయపడకుండా రాసిన అధ్యాయం ఇది, అందుకే నిద్రపట్టనివ్వదు.

ఈ నవలకు గాస్కెల్ మొదట అనుకున్న పేరు జాన్ బార్టన్, కూతురి పేరు పెట్టించింది ప్రచురణకర్త. ఆ తేడా పుస్తకంలోనే కనిపిస్తుంది. మొదటి సగం తండ్రిది, ఆకలితో కొడుకును పోగొట్టుకున్నవాడు, 1839లో చార్టిస్టుల, అంటే ఓటు హక్కు కోసం పోరాడిన పనివాళ్ళ, అర్జీ పట్టుకుని లండన్ వెళితే పార్లమెంటు వినను పొమ్మంటే తిరిగొచ్చినవాడు, లోలోపల గడ్డకట్టుకుపోయినవాడు. రెండో సగం కూతురిది, ఒక హత్య, లివర్‌పూల్‌లో కోర్టు, సాక్షి కోసం పరుగు. పరుగు బాగానే ఉంటుంది, సినిమాలా లాక్కుపోతుంది, కానీ జాన్ బార్టన్ చాలా పేజీలు కనబడకుండా పోతాడు, నాకు అదే లోటు. పేదరికాన్ని లోపలినుంచి చూడాలనుకునేవాళ్ళకు మాత్రం మూడింటిలోనూ ఇదే మొదటి ఎంపిక, ఇందులో సందేహం లేదు.

నార్త్ అండ్ సౌత్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఇది నా పుస్తకం కాబట్టి. దక్షిణాన పచ్చని పల్లెలో పెరిగిన మార్గరెట్ హేల్, తండ్రి మత విశ్వాసంలో అనుమానాలొచ్చి చర్చి ఉద్యోగం వదిలేయడంతో, ఉత్తరాన మిల్టన్ అనే మిల్లు ఊరికి వస్తుంది. మిల్టన్ అంటే మాంచెస్టరే. అక్కడ మిల్లు యజమాని జాన్ థార్న్‌టన్, పనివాడు నికొలస్ హిగ్గిన్స్, అతని కూతురు బెస్సీ. మేరీ బార్టన్ వచ్చినప్పుడు యజమానులకు అన్యాయం చేశావని గాస్కెల్‌ను తిట్టారు, ఈసారి ఆవిడ యజమాని మాట కూడా పూర్తిగా వినిపించింది. వినిపించి వదిలేయలేదు, అతన్ని పనివాడి ఎదురుగా కూర్చోబెట్టింది. హిగ్గిన్స్ స్లాక్‌బ్రిడ్జ్ కాదు, ఆలోచించే యూనియన్ మనిషి, తప్పులు చేసే మనిషి. సమ్మె ఎందుకు చేస్తున్నాడంటే సమాధానం ఉంది. సమ్మెలో నలిగిపోయిన బౌచర్ అనే బలహీనుడి సంగతేమిటంటే అతని దగ్గర సమాధానం లేదు, ఆ లేకపోవడం అతన్ని మార్చేస్తుంది. యూనియన్ పెద్దాయన ఈ పుస్తకం చదివి నాకు ఫోన్ చేసి గంటసేపు బౌచర్ గురించే మాట్లాడారు, మేమూ అలాంటివాళ్ళను చూశాం అన్నారు, ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బెస్సీ వయసు పంతొమ్మిది. దూది ఏకే గదిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా నుసి పట్టి చావుకు దగ్గరైన పిల్ల. 13వ అధ్యాయంలో మార్గరెట్‌కు చెబుతుంది, కొన్ని మిల్లుల్లో గది చివర పెద్ద చక్రం పెడతారు, అది దుమ్మునంతా బయటికి లాగేస్తుంది, కానీ దానికి ఐదారు వందల పౌండ్లవుతుంది, లాభమేమీ రాదు, అందుకే పెట్టించే యజమానులు తక్కువ అని. ఇంకో మాట కూడా అంటుంది, చక్రం ఉన్నచోట పని వద్దనే మగవాళ్ళూ ఉన్నారట, నుసి మింగడం అలవాటైన కడుపుకి అది లేకపోతే ఆకలి ఎక్కువవుతుందని, అలాంటిచోట కూలి పెంచాలని. ఇలాంటిది ఊహించి రాయలేరు, ఎవరో చెప్పగా విని రాసిందే అయ్యుండాలి.

మా మేనత్త గుంటూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పదకొండేళ్ళు పనిచేసింది. సీజన్లో తెల్లారేసరికి కనురెప్పలమీద, జుట్టులో, చెవుల్లో దూది. ముక్కుకి పాత చీరముక్క కట్టుకునేవారు, అంతకు మించి ఏమీ ఇచ్చేవాళ్ళు కాదు. ఆ దగ్గు ఇప్పటికీ ఉంది. ఈ పేజీ ఆమెకు తెలుగులో చెప్పి వినిపించాను. అంతా విని, "ఇంతకీ ఆ పిల్ల మిల్లులో చక్రం పెట్టించారా లేదా?" అని అడిగింది. లేదత్తా అన్నాను.

ఈ నవలకూ లోపాలున్నాయి. చివరి భాగం తొందరతొందరగా సాగుతుంది, వారపత్రిక గడువు వల్ల కుదించాల్సి వచ్చిందని గాస్కెలే పుస్తకంగా వేసినప్పుడు ముందుమాటలో చెప్పుకుని, కొంత పెంచి రాసింది. చావులు ఎక్కువ, ఒకదాని మీద ఒకటి. మార్గరెట్, థార్న్‌టన్‌ల ప్రేమకథ కోసమే చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు, 2004లో వచ్చిన నాలుగు భాగాల బీబీసీ సీరియల్ చూసి వచ్చేవాళ్ళు మరీను. చూడండి, బాగుంటుంది, కానీ అందులో థార్న్‌టన్ మొదట్లోనే పనివాడిని కొట్టే సీను నవలలో లేదు, ముగింపు రైల్వేస్టేషన్ కూడా లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డిజ్రేలీ రాసిన సిబిల్ (1845), డబ్బున్నవాళ్ళూ పేదవాళ్ళూ ఒకే దేశంలో రెండు జాతులన్న మాట కోసం ప్రసిద్ధి, రాసినాయన తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు, నవలగా మాత్రం ఉపన్యాసాల బరువు ఎక్కువ. షార్లెట్ బ్రాంటే షర్లీ (1849) యంత్రాలు విరగ్గొట్టిన లడ్డైట్ల కాలం, 1811–12 నాటి యార్క్‌షైర్ కథ, అందులో పనివాళ్ళ కన్నా ఇంట్లో మగ్గిపోయే ఆడపిల్లల గురించే బాగా రాసింది. మొదటి పుస్తకంగా ఈ రెండూ వద్దు.

మనవాళ్ళు చదువుతూ ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఈ మూడు నవలల్లోనూ ఆ పత్తి ఎవరు పండించారు, ఆ గుడ్డ ఎక్కడికి పోయింది అన్నది దాదాపు కనిపించదు. అప్పుడు లాంకషైర్ మిల్లులకు పత్తి ఎక్కువగా అమెరికా బానిసల చేతులమీదుగా వచ్చేది, అక్కడ నేసిన చవక గుడ్డ మన కోస్తా నేతగాళ్ళ మగ్గాల మీద పడింది. 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో ఆ పత్తి ఆగిపోతే గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. బెస్సీ ఊపిరితిత్తుల్లో చేరిన నుసికి, మనకూ అంత దూరమేమీ లేదు. ఇంకో దారి కూడా ఉంది. ఇంగ్లీషు రచయిత రస్కిన్ తన అన్‌టు దిస్ లాస్ట్ పుస్తకంలో ఒక పాదసూచికలో హార్డ్ టైమ్స్‌ను డికెన్స్ నవలల్లో చాలా విధాల గొప్పదని మెచ్చుకున్నాడు. గాంధీ 1904లో దక్షిణాఫ్రికా రైల్లో చదివి జీవితం మార్చుకున్న పుస్తకం ఆ అన్‌టు దిస్ లాస్టే.

కొనేటప్పుడు నోట్సున్న ఎడిషన్ తీసుకోండి, పెంగ్విన్ క్లాసిక్స్ గానీ ఆక్స్‌ఫర్డ్ వరల్డ్స్ క్లాసిక్స్ గానీ. డబ్బు పెట్టలేకపోతే మూడూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం, లిబ్రివాక్స్‌లో ఆడియో కూడా ఉచితం. నిడివి చూసుకుంటే హార్డ్ టైమ్స్ సుమారు 300 పేజీలు, మిగతా రెండూ 400 దాటుతాయి. అసలు ఇబ్బంది నిడివి కాదు, యాస. హార్డ్ టైమ్స్‌లో సర్కస్ యజమాని స్లీరీ నత్తిగా మాట్లాడతాడు, ఆ మాటలన్నీ అలాగే అక్షరాల్లో పెట్టాడు డికెన్స్, స్టీఫెన్‌ది లాంకషైర్ యాస. గాస్కెల్ పనివాళ్ళందరిదీ అదే యాస. మేరీ బార్టన్‌లో ఆ మాటలకు ఆవిడ భర్తే కింద వివరణలు రాశాడు, వాటిని దాటేయకండి. కంటితో చదివితే అర్థం కానిది పైకి చదివితే అర్థమవుతుంది, లేదా మొదటి రెండు మూడు అధ్యాయాలు ఆడియో పెట్టుకుని పుస్తకం ముందుంచుకోండి, చెవి అలవాటు పడ్డాక ఆడియో ఆపేయొచ్చు. ఇంకా ఏది కొనాలో తేలకపోతే ఈ ఆదివారం మూడు అధ్యాయాలు ఉచితంగా చదివి చూడండి, హార్డ్ టైమ్స్ రెండోది, మేరీ బార్టన్ ఆరోది, నార్త్ అండ్ సౌత్ పదమూడోది. మూడూ కలిపినా ఒక సాయంత్రం పని. ఏ అధ్యాయం సోమవారం బస్సులో కూడా గుర్తొస్తే ఆ పుస్తకం తెప్పించుకోండి.